కారు చేతులు మారినా, పేరు మారకుంటే...

రాయ్‌పూర్‌లో పాత స్పోర్ట్స్ కార్ల బేరం: ఇంజన్ సత్తాకన్నా కాగితాల సత్తాయే కీలకం

2007 జూలైలో ఒక వ్యక్తి తన కారును మరొకరికి అమ్మి, సొమ్ము తీసుకుని, తాళాలు అప్పగించారు. కొన్నవారు దానిని ఇంకొకరికి, వారు వేరొకరికి అమ్ముకుంటూ పోయారు. రవాణా కార్యాలయంలో పేరు మార్పించుకున్నవారు మాత్రం ఒక్కరూ లేరు. 2009 మే నెలలో ఆ కారు వెనక్కి వస్తూ వీధిలో వెళుతున్న ఒక బాలుణ్ణి బలిగొన్నది. నష్టపరిహారం ఎవరు చెల్లించాలన్న వివాదం పంజాబ్, హర్యానా హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. 2018 ఫిబ్రవరి 6న వెలువడిన తీర్పు సారాంశం ఒక్కటే: రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరు ఉన్నదో, చట్టం దృష్టిలో వారే యజమాని. ప్రమాదానికి దాదాపు రెండేళ్ల ముందే కారును వదిలించుకున్న తొలి యజమానిపైనే బాధ్యత పడింది.

ఈ తీర్పు పాత వాహనాలన్నిటికీ వర్తిస్తుంది. అయితే దాని బరువు ఎక్కువగా మోయవలసి వచ్చేది ఒక ప్రత్యేక తరహా కార్ల యజమానులు. అవి వేగం కోసం, నడపడంలోని ఆనందం కోసం ఔత్సాహికులు ఏరికోరి కొనుక్కునే పాత స్పోర్ట్స్ కార్లు. అవి తరచుగా చేతులు మారుతుంటాయి. రాష్ట్రాల సరిహద్దులు దాటుతుంటాయి. సాధారణ కార్లకన్నా వేగంగా నడుస్తుంటాయి. కనుకనే ఈ బేరంలో ఇంజన్‌ను ఎంత నిశితంగా పరిశీలిస్తారో, అంతకు రెట్టింపు శ్రద్ధతో కాగితాలను పరిశీలించవలసి ఉంటుంది.

రాయ్‌పూర్ వంటి నగరంలో ఈ సమస్య మరింత జటిలం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి, రాయ్‌పూర్ రాజధాని అయిన తర్వాత నగర రూపురేఖలు మారిపోయాయి. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు, పరిసర ప్రాంతాల బియ్యం మిల్లులు, సిమెంటు కర్మాగారాలు నగరానికి సంపదను తెచ్చిపెట్టాయి. నవ రాయ్‌పూర్ విశాలమైన రహదారులు వేగంపై మోజును పెంచేవే. కానీ అరుదైన కారు కావాలనుకుంటే స్థానికంగా దొరికే అవకాశం తక్కువ. నాగపూర్, హైదరాబాద్, ముంబయి, ఢిల్లీ వైపు చూడక తప్పదు. అంటే కారుతోపాటు పరాయి రాష్ట్రపు రిజిస్ట్రేషన్, పన్ను, బాకీలు కూడా రాయ్‌పూర్‌కు ప్రయాణం చేస్తాయి.

తెలుగువారికీ ఈ వ్యవహారంతో సంబంధం ఉంది. రాయ్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని భిలాయ్‌లో 1959లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైన నాటి నుంచి అక్కడి కర్మాగారంలోనూ, రైల్వేలోనూ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఇంటి పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడ కొన్న కారును సొంత ఊరికి తెచ్చుకున్నా, విశాఖపట్నం నుంచి బదిలీపై వచ్చిన ఉద్యోగి తన కారును వెంట తెచ్చుకున్నా ఎదురయ్యే నిబంధనలు ఇవే.

అరుదైనవే ఆకర్షణ

మన దేశంలో స్పోర్ట్స్ కారు అనగానే ఫెరారీ, లంబోర్గినీ గుర్తుకు వస్తాయి. నిజానికి ఔత్సాహికుల విపణి నడిచేది అంతకన్నా చాలా తక్కువ ధర పలికే వాహనాలపైనే. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానాన్ని రద్దు చేసిన తర్వాత విదేశీ సంస్థలు వరుసగా ప్రవేశించాయి. వాటితోపాటే సాధారణ కారు శరీరంలో శక్తిమంతమైన ఇంజన్‌ను ఇమిడ్చిన మోడళ్లూ వచ్చాయి. 1998లో వచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్, 2001 నాటి ఫియట్ పాలియో 1.6, 2004లో వచ్చిన 150 అశ్వశక్తి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 2015లో వచ్చిన 145 అశ్వశక్తి అబార్త్ పుంటో ఈ కోవకు చెందినవే.

ఇవి విరివిగా అమ్ముడుపోయిన కార్లు కావు. సరిగ్గా ఆ కారణంగానే పాతబడిన తర్వాత వీటికి గిరాకీ నిలిచింది. మామూలు కారుకు ఏటేటా ధర పడిపోతుంది. పరిమిత సంఖ్యలో వచ్చి, తయారీ ఆగిపోయిన కారుకు ఒక దశ తర్వాత ధర పడిపోవడం మందగిస్తుంది. బాగా కాపాడుకున్న కారైతే తిరిగి పుంజుకోవడమూ కద్దు.

అయితే అరుదైన ప్రతి కారూ బంగారమని భ్రమపడరాదు. 2016 చివర ఫోక్స్‌వాగన్ సంస్థ కేవలం 99 జీటీఐ కార్లను దిగుమతి చేసి, ఒక్కొక్కటి దాదాపు రూ.26 లక్షలకు అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాదే ధరను దాదాపు రూ.20 లక్షలకు తగ్గించింది. మొదట కొన్నవారి కారు విలువ ఆ ఒక్క నిర్ణయంతో రూ.6 లక్షల మేర కరిగిపోయింది. దీనికి భిన్నంగా 2020లో స్కోడా 200 ఆక్టేవియా ఆర్ఎస్ 245 కార్లను సుమారు రూ.36 లక్షల ధరకు తెచ్చింది. 2025లో అదే పేరుతో వచ్చిన 100 కొత్త కార్ల ధర రూ.49.99 లక్షలు. కొత్తదాని ధర పెరిగినకొద్దీ పాతదాని విలువకు ఊతం దొరుకుతుంది. కొత్తదాని ధర తగ్గితే పాతదాని విలువ కూలుతుంది. పాత కార్ల ఆర్థికశాస్త్రమంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

సరఫరా పెరిగే దారులూ తక్కువే. విదేశాల్లో చవకగా దొరికే ఇరవై ఏళ్లనాటి జపాన్ స్పోర్ట్స్ కార్లను ఇక్కడికి తెచ్చుకుందామంటే కుదరదు. మూడేళ్లకు మించి పాతబడిన కార్ల దిగుమతిని నిబంధనలు అనుమతించవు. మూడేళ్లలోపు కార్లపైనా సుంకాల భారం తక్కువేమీ కాదు.

సుంకం సంగతి ఎంతటిదో సచిన్ టెండూల్కర్ ఫెరారీ ఉదంతం దేశమంతటికీ తెలియజేసింది. 2002లో ఆయనకు బహుమతిగా లభించిన ఫెరారీ 360 మోడెనాపై సుంకం సుమారు రూ.1.13 కోట్లు. దాని మినహాయింపుపై వివాదం చెలరేగి వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. చివరకు ఆ మొత్తాన్ని ఫియట్ సంస్థ చెల్లించింది. 2011లో అదే కారు సూరత్‌కు చెందిన ఒక వ్యాపారి చేతికి చేరింది. ఎంత గొప్ప కారైనా ఏదో ఒకనాడు పాత కారుగా మరొకరి ఇంటి ముందు నిలవవలసిందే.

కాగితాల ప్రయాణం

హైదరాబాద్‌లో రిజిస్టరైన ఒక కారును రాయ్‌పూర్ వాసి కొన్నారనుకుందాం. మొదట తెలంగాణలోని సంబంధిత రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే వాడుకలో ఎన్ఓసీ, తీసుకోవాలి. కారుపై అప్పు ఉంటే బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తెచ్చి, ఆర్‌సీలో తాకట్టు నమోదును తొలగింపజేయాలి. పెండింగ్ చాలాన్లు చెల్లించాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 సమర్పించాలి. అదే రాష్ట్రంలో బదిలీ అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేయాలి. కొన్నవారికి ఉన్న గడువు 30 రోజులు.

ఆ తర్వాత రాయ్‌పూర్‌లో సీజీ 04 శ్రేణిలో కొత్త నంబరు పొందాలంటే ఛత్తీస్‌గఢ్‌కు పన్ను చెల్లించాలి. వాహన పన్ను రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి హైదరాబాద్‌లో జీవితకాల పన్ను కట్టామన్న వాదన ఇక్కడ చెల్లదు. మిగిలిన కాలానికి సంబంధించిన పన్నును వాపసు ఇవ్వవలసిందిగా పాత రాష్ట్రాన్ని కోరవచ్చు. అయితే ఆ దరఖాస్తు, ఆ నిరీక్షణ వేరే కథ. ఈ పన్నును కలుపుకోకుండా ధర మాట్లాడుకునేవారు తీరా కారు ఇంటికి చేరాక లెక్క తప్పిందని వాపోవడం పరిపాటి.

యజమాని మారకపోయినా వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచిన వాహనాన్ని అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలని మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తోంది. పాత నంబరుతోనే ఏళ్ల తరబడి తిరగడం ఆదా అనిపించినా, అమ్మే రోజున అది అడ్డంకిగా మారుతుంది.

డీలర్ల విషయంలో 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక మేలైన మార్పు వచ్చింది. రవాణా శాఖ వద్ద నమోదైన అధీకృత డీలరుకు కారును అప్పగించి, ఆ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, కొత్త యజమాని పేరు ఎక్కేదాకా డీలరునే యజమానిగా పరిగణిస్తారు. ఈ రక్షణ నమోదు లేని బ్రోకరుకు తాళాలు ఇచ్చినవారికి వర్తించదు. రాయ్‌పూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా అమ్మకందారు డీలరును అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ఈ నమోదు గురించి.

వయసు మీరితే వ్యయం

ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఒకప్పుడు రూ.600 ఉన్న ఈ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని రూ.10,000కు పెంచారు. దిగుమతి చేసుకున్న కార్లకైతే ఈ రుసుము అనేక రెట్లు ఎక్కువ. 2004 నాటి కారును మోజుపడి కొనేవారు ఈ ఖర్చును ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి.

ఢిల్లీ కార్ల చవక ధరలకూ వయసే కారణం. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025లో కొంత సడలింపు లభించినా, యజమానుల్లో అనిశ్చితి తొలగలేదు. గడువు సమీపించిన కార్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. కారు మంచిదే కావచ్చు. కానీ ఎన్ఓసీ చేతికి రాకముందే పూర్తి సొమ్ము చెల్లిస్తే, చవక బేరం కాస్తా పెరట్లో కదలని ఇనుప ముద్దగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

పాతదైతే పురాతన వాహనంగా నమోదు చేసుకోవచ్చు కదా అన్న ఆశ కొందరిది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ హోదా 50 ఏళ్లు దాటిన వాహనాలకే. 1961లో మద్రాసులో తయారీ మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్ తొలి కార్లకు ఆ అర్హత ఉంది. 1998 నాటి శాన్ స్టార్మ్ 2048 దాకా ఆగాలి. పైగా ఆ హోదా పొందిన కారును రోజువారీ అవసరాలకు రోడ్డుపై తిప్పరాదు.

మార్పులే ముప్పు

స్పోర్ట్స్ కారు కొన్నవారు దానిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచడం అరుదు. సైలెన్సరు మార్చడం, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను తిరగరాయించి శక్తి పెంచుకోవడం, స్ప్రింగులు కుదించి కారు ఎత్తు తగ్గించడం, రంగు మార్చడం సాధారణం. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనం నడిపితే తొలిసారి పట్టుబడినప్పుడే రూ.10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేక రెండూ విధించే వీలుంది.

రెండో యజమానికి దీనిలో మరో చిక్కు ఉంది. శక్తి పెంచిన ఇంజన్ క్లచ్‌పైనా, గేర్‌బాక్సుపైనా, టర్బోపైనా అదనపు ఒత్తిడి తెస్తుంది. అమ్మేముందు అసలు భాగాలను తిరిగి బిగిస్తే బయటికి ఏమీ తెలియదు. అందువల్ల మార్పులు జరగని కారుకు, లేదా తొలగించిన అసలు భాగాలన్నిటినీ భద్రపరిచి బిల్లులతో సహా అప్పగించే కారుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం నష్టం కాదు.

ఎండ, ఇంధనం, విడిభాగాలు

రాయ్‌పూర్ వేసవిలో 44, 45 డిగ్రీల ఉష్ణోగ్రత కొత్త కాదు. పాత కారులోని రబ్బరు గొట్టాలకు, బుష్‌లకు, బెల్టులకు ఈ ఎండ శత్రువు. కిలోమీటర్లు తక్కువ తిరిగిన కారు మంచిదన్నది అర్ధసత్యం మాత్రమే. పదేళ్లపాటు షెడ్డులో నిలిపి ఉంచిన కారులో టైమింగ్ బెల్టు, టైర్లు వయసు మీరి ఉంటాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు ఏడాదిని సూచిస్తాయి. 3000 కిలోమీటర్లే తిరిగిందని చెప్పే కారుకు ఎనిమిదేళ్లనాటి టైర్లు ఉంటే ఆశ్చర్యం లేదు. వాటిని మార్చకుండా వేగంగా నడపడమే ప్రమాదకరం.

ఇంధనం మరో కొత్త చిక్కు. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం చేరుకుంది. ఆ ఇంధనానికి తగిన భాగాలతో కార్లు రావడం 2023 నుంచే ఊపందుకుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొందించి, 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికే అంచనా వేసింది. మైలేజీ మాట అటుంచినా, పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను ఎంతకాలం తట్టుకుంటాయన్నది 2001, 2004 నాటి కార్ల యజమానులు పట్టించుకోవలసిన విషయం. కొన్న వెంటనే ఇంధన గొట్టాలను తనిఖీ చేయించి, అవసరమైతే మార్పించడం విజ్ఞత.

విడిభాగాల సంగతి సరేసరి. ఫోర్డ్ సంస్థ మన దేశంలో కార్ల తయారీ నిలిపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. 2020లో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చేసరికి ఫియట్ కార్లు విపణి నుంచి తప్పుకున్నాయి. 2022లో పోలో తయారీ ఆగింది. మామూలు మోడల్‌తో ఉమ్మడిగా ఉన్న భాగాలు దొరికినా, స్పోర్ట్స్ మోడల్‌కే ప్రత్యేకమైన బంపరు, టర్బో, బ్రేకు భాగాల కోసం వెతుకులాట తప్పదు. ఫెరారీ, లంబోర్గినీ వంటివాటి అధికారిక కేంద్రాలు దేశంలో వేళ్లమీద లెక్కించదగినవే. రాయ్‌పూర్‌లో అలాంటి కారు మొరాయిస్తే లారీ ఎక్కించి వందల కిలోమీటర్లు పంపవలసిందే. ఏనుగును కొనడం కన్నా మేపడం కష్టమన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా నిజం.

దూరం నుంచి కొనేవారు వరద కార్ల పట్లా అప్రమత్తంగా ఉండాలి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2022 సెప్టెంబరులో బెంగళూరు వరదల్లో ఎన్నో కార్లు మునిగిపోయాయి. తివాచీ కింద బురద జాడ, సీటు బెల్టును పూర్తిగా లాగితే కనిపించే మరక, డాష్‌బోర్డు వెనుక తీగల చివర్లకు పట్టిన తుప్పు ఈ రహస్యాన్ని బయటపెడతాయి. ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోలుతున్నాయా, కంపెనీ సర్వీసు రికార్డులోని కిలోమీటర్లు మీటరుతో పొసగుతున్నాయా అన్నది సొంతంగా చూసుకోవాలి. తనిఖీకి తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లే ఖర్చు ఎప్పటికీ వృథా కాదు.

బీమా లెక్క వేరు

బీమా సంస్థలు కారు విలువను వయసును బట్టి కడతాయి. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు కారుకు 30 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు కారుకు 50 శాతం తరుగు తీసివేయడం ఆనవాయితీగా వస్తున్న లెక్క. ఐదేళ్లు దాటితే ఇరుపక్షాలూ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు కొత్తలో రూ.10 లక్షలున్న కారుకు ఐదో ఏట బీమా విలువ రూ.5 లక్షలు. గిరాకీ ఉన్న కారు కాబట్టి ఔత్సాహికుడు రూ.7 లక్షలు పెట్టి కొన్నారనుకుంటే, కారు దొంగల పాలైనా, దగ్ధమైనా మిగిలిన రూ.2 లక్షల నష్టం ఆయనదే. అందుకే ఐదేళ్లు దాటిన కారుకు బీమా చేయించేటప్పుడు విలువపై గట్టిగా మాట్లాడుకోవడం అవసరం.

కారు చేతులు మారినప్పుడు మూడో పక్షానికి సంబంధించిన బీమా కొత్త యజమానికి దానంతట అదే సంక్రమిస్తుంది. సొంత కారుకు జరిగే నష్టానికి ఉద్దేశించిన భాగం అలా సంక్రమించదు. 14 రోజుల్లోగా పాలసీని తన పేరిట మార్పించుకోవాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, ఆయనతోనే ఉంటుంది.

పన్నుల విషయానికి వస్తే, ఇద్దరు వ్యక్తులు నేరుగా జరుపుకునే లావాదేవీపై జీఎస్టీ లేదు. జీఎస్టీ నమోదున్న డీలరు అమ్మితే, ఆయన కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాపై 18 శాతం పడుతుంది. రూ.10 లక్షలకు కొని రూ.11 లక్షలకు అమ్మితే పన్ను రూ.18 వేలన్నమాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్లపై జీఎస్టీ తగ్గడంతో పాత కార్ల ధరలపైనా ఒత్తిడి పడింది. రెండేళ్లనాటి కారుకు పాత లెక్కల ప్రకారం ధర చెప్పే అమ్మకందారును ఈ సంగతి గుర్తుచేయవచ్చు. సొమ్ము చెల్లింపులోనూ జాగ్రత్త అవసరం. ఒక లావాదేవీలో రూ.2 లక్షలు, అంతకుమించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం 2017 నుంచి నిషిద్ధం.

అమ్మేటప్పుడే అసలు పరీక్ష

స్పోర్ట్స్ కారును కొనడానికి పది రోజులు పడితే, అమ్మడానికి పది నెలలు పట్టవచ్చు. రాయ్‌పూర్ వంటి చోట కొనేవారు తక్కువ. వచ్చినవారిలో సగం మంది నడిపి చూసే సరదా తీర్చుకోవడానికి వచ్చేవారే. సరైన కొనుగోలుదారు బహుశా మరో రాష్ట్రంలో ఉంటాడు. సర్వీసు బిల్లులు, రెండు తాళాలు, అసలు భాగాలు, చెల్లుబాటయ్యే కాగితాలు ఉన్న కారుకే అంత దూరం నుంచి బేరం వస్తుంది.

బేరం కుదిరిన తర్వాత చేయవలసిన పనులు చిన్నవి. కొన్నవారి గుర్తింపు పత్రాల నకళ్లు తీసుకోవాలి. కారు అప్పగించిన తేదీ, సమయం రాసి ఇరువురూ సంతకాలు చేయాలి. సంతకం చేసిన ఖాళీ ఫారాలను ఎవరి చేతికీ ఇవ్వరాదు. ఫాస్టాగ్‌ను మూసివేయాలి. బీమా సంస్థకు, రవాణా కార్యాలయానికి సమాచారం ఇవ్వాలి. కొత్త యజమాని పేరు ప్రభుత్వ వాహన్ రికార్డులో ఎక్కిందో లేదో నెల రోజుల తర్వాత సొంతంగా చూసుకోవాలి. ఎక్కేదాకా ధరలో కొంత మొత్తాన్ని బకాయిగా ఉంచుకోవడానికి కొనుగోలుదారు ఒప్పుకోకపోవచ్చు. అటువంటప్పుడు అమ్మకందారే దగ్గరుండి బదిలీ దరఖాస్తు దాఖలు చేయించడం ఉత్తమం.

2007లో కారు అమ్మిన ఆ వ్యక్తి విస్మరించింది ఈ చివరి అంకాన్నే. తాళాలు అప్పగించిన రోజున ఆయన దృష్టిలో బేరం ముగిసింది. చట్టం దృష్టిలో మాత్రం పదకొండేళ్ల తర్వాత కూడా ముగియలేదు. రాయ్‌పూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా పాత స్పోర్ట్స్ కారు కొనే ఔత్సాహికుడు మొదట వినవలసింది ఇంజన్ గర్జన కాదు. ఆర్‌సీలో రాసి ఉన్న పేరును చదువుకోవాలి. అమ్మే రోజున ఆ పేరును చెరిపించేదాకా ఆ కారు ఆయనదే.